కంప్రెషన్ బాగుంది, ఆయిల్ మాత్రం నిలవడం లేదు

నేపథ్యం

బండి 2006 మోడల్. నాలుగు సిలిండర్ల 1.3 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఒకే క్యామ్‌షాఫ్ట్, 16 వాల్వులు, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 74 మి.మీ. షెడ్డుకు వచ్చినప్పుడు మీటరు 1,41,000 కి.మీ. చూపిస్తోంది. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు, కోస్తా ఆంధ్రలో ఒక పట్టణం అనుకుంటే చాలు. ఇప్పటి ఓనరు దాన్ని ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు, మళ్లీ తిరిగి ఆరు. రెండు మూడు నెలలకోసారి దూర ప్రయాణం. ఆయిల్ మార్చడం ఏడాదికోసారి, అది 12 వేల కి.మీ.కి అయినా 15 వేలకి అయినా.

మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం ఇంజిన్ వేడెక్కి ఆగిపోయిందని, అప్పుడు రేడియేటర్ మార్చారని చెప్పారు. ఆ మాటను జాబ్ కార్డులో రాసుకుని వదిలేశాం. కథంతా తిరిగి తిరిగి చివరికి అక్కడికే వచ్చింది.

ఫిర్యాదు

పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ, పది పదిహేను సెకన్లు వచ్చి ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉండి కదిలితే మళ్లీ కొంచెం. శ్రీశైలం నుంచి డోర్నాల వైపు ఘాట్ దిగి, కింద యాక్సిలరేటర్ తొక్కగానే వెనక బండి కనపడనంత పొగ వచ్చిందట. పికప్ తగ్గలేదు, మిస్సింగ్ లేదు, మైలేజీ మాత్రం కాస్త పడిపోయింది.

మా దగ్గరికి రాకముందు రెండు షెడ్లు తిరిగారు. మొదటి చోట 20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిల్ పోసి, పొగ ఆపే మందు ఒక డబ్బా కలిపారు. రెండు వారాలు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలైంది. రెండో చోట తీర్పు సూటిగా ఉంది: "ఇంజిన్ దించేద్దాం సార్, బోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేద్దాం." అంచనా 55 వేలు. బండిని అమ్మితే వచ్చేదే లక్ష లోపు.

ఓనరు చెప్పిన ఇంకో మాట: "ఊళ్లో తిరిగితే నెలకు అర లీటరు కూడా పట్టదండీ. లాంగ్ వెళ్లామంటే మాత్రం లీటరున్నర తాగేస్తుంది." స్పీడు ఎక్కువైతే ఆయిల్ ఎక్కువ కాలడం మామూలే కదా అనుకున్నాం. అది పూర్తి జవాబు కాదని తర్వాత తెలిసింది.

ముందు కొలత

ఆయిల్ తాగుతోంది అన్న ప్రతి బండీ నిజంగా కాల్చుకుంటున్నట్టు కాదు, కారుతూ ఉండొచ్చు. ఇంజిన్ బయటంతా కడిగి, ఆరబెట్టి, ట్యాపెట్ కవర్ అంచు, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, గేర్‌బాక్స్ కలిసే చోటు, ఆయిల్ ఫిల్టర్ చుట్టూ టాల్కం పౌడర్ చల్లాం. 40 కి.మీ. తిప్పి చూస్తే ట్యాపెట్ కవర్ మూల మీద మాత్రం కొద్దిగా తడి. రాత్రంతా కింద అట్టముక్క వేస్తే మూడు చుక్కలు. దానివల్ల వెయ్యి కి.మీ.కి లీటరు పోదు.

రెండో పని, ఎంత తాగుతోందో అంకెల్లో తేల్చడం. పాత ఆయిల్, అందులోని మందుతో సహా, తీసేసి మాన్యువల్ చెప్పిన 15డబ్ల్యూ-40, కొత్త ఫిల్టర్ వేశాం. షెడ్డులో సిమెంటు నేల మీద గుర్తు గీసి, ప్రతిసారీ అక్కడే నిలబెట్టి, ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, పదిహేను నిమిషాలాగి డిప్‌స్టిక్ చూశాం. పై గీత దాకా నింపి, విజయవాడ నుంచి ఏలూరు హైవే మీద రెండుసార్లు వెళ్లొస్తే సుమారు 250 కి.మీ. అవుతుంది. తిరిగొచ్చాక పై గీతకు రావడానికి ఎంత పట్టిందో కొలజాడీతో పోసి రాసుకోవడం. ఈ పద్ధతిలో 25 మి.లీ. అటూ ఇటూ తేడా ఉంటుంది. అంతకంటే ఎక్కువ మార్పు కనపడితేనే మార్పు కింద లెక్క.

మొదటి కొలత: 250 కి.మీ.కి 280 మి.లీ. అంటే వెయ్యికి లీటరు దాటింది. కొన్ని కంపెనీల మాన్యువళ్లు వెయ్యి కి.మీ.కి లీటరు దాకా పర్వాలేదంటాయి. అది వారంటీ గొడవల కోసం రాసుకున్న హద్దు. ఈ సైజు ఇంజిన్ బాగుంటే వెయ్యికి 100 మి.లీ. దాటకూడదు.

పరీక్షలు, వాటిని చదివిన తీరు

కంప్రెషన్ టెస్టు: ఇంజిన్ వేడిగా, నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల, కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి తీశాం. వరసగా 182, 178, 171, 180 పీఎస్ఐ. ఈ ఇంజిన్‌కు కొత్తలో 199, కనీసం 170, సిలిండర్ల మధ్య తేడా 14 దాటకూడదు. మూడోది అంచున ఉన్నా అన్నీ హద్దులోనే ఉన్నాయి. ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తీస్తే 194, 192, 193, 195. లీక్‌డౌన్ టెస్టులో 100 పీఎస్ఐ గాలి పెడితే పోయింది 11, 13, 18, 12 శాతం. మూడో సిలిండర్‌కు ఆయిల్ పోసే మూత దగ్గర చెవి పెడితే సన్నగా బుసబుస.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయి, వాల్వ్ సీల్సే పోయాయి" అనేస్తారు. సీల్స్ అంటే వాల్వు కాండం వెంట ఆయిల్ కిందికి జారకుండా ఆపే చిన్న రబ్బరు ముక్కలు. పిస్టన్ మీద మూడు రింగులుంటాయి. పై రెండూ గ్యాస్‌ను ఆపుతాయి. మూడోది ఆయిల్ రింగు, అది గ్యాస్‌ను ఆపదు, గోడ మీది ఆయిల్‌ను గీకి, వెనకున్న రంధ్రాల గుండా చాంబర్‌లోకి వదులుతుంది. అది పూర్తిగా బిగుసుకుపోయినా కంప్రెషన్ గేజీకి తెలియదు. పైగా ఆయిల్ తాగే ఇంజిన్‌లో పై రింగుల చుట్టూ ఎప్పుడూ ఆయిల్ తడి ఉంటుంది కాబట్టి అవి ఇంకా గట్టిగా మూస్తాయి. రీడింగ్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. కంప్రెషన్ చెడితే రింగుల మీద అనుమానం పెంచుకోవచ్చు, బాగుంటే తుడిచేయకూడదు.

ప్లగ్గులు: మూడోదాని మర తడిగా ఉంది, కొన చుట్టూ బూడిదరంగు గట్టి పెచ్చు. ఒకటి, నాలుగు ప్లగ్గుల మీద పెచ్చు ఒక పక్కనే, ఇన్‌టేక్ వాల్వు వైపు. ఒక పక్క పెచ్చు కడితే ఆయిల్ పైనుంచి, వాల్వు గైడు (వాల్వు కాండం ఆడే గొట్టం) గుండా వస్తోందని అనుమానించాలి. చుట్టూ కడితే కిందినుంచి.

ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోపు దించితే రెండో, మూడో సిలిండర్లలో పిస్టన్ నెత్తి మీద మసి మందంగా ఉంది, అంచు చుట్టూ మాత్రం నాలుగైదు మి.మీ. వెడల్పున కడిగినట్టు మెరుస్తోంది. కిందినుంచి ఎగదన్నే ఆయిల్ ఆ అంచును కడుగుతుంది. అటు ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపు నుంచి చూస్తే వాల్వుల వీపు మీద తడి మసి ముద్దలు.

అంటే పైనుంచీ వస్తోంది, కిందనుంచీ వస్తోంది. స్టార్టింగ్ పొగ సీల్స్‌ది. రాత్రి హెడ్‌లో నిలిచిన ఆయిల్ గైడు గుండా వాల్వు మీదికి జారి, పొద్దున మొదటి మంటలో కాలుతుంది. ఘాట్ పొగ మాత్రం సీల్స్‌దీ రింగులదీ కావచ్చు. గేరులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరిగి, గైడుల నుంచీ రింగుల పక్కనుంచీ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. "ఘాట్‌లో పొగొస్తే సీల్సే" అన్న షెడ్డు సామెత సగమే నిజం.

మొదటి నిర్ణయం: పీసీవీ

ఇంజిన్ విప్పే ముందు బ్రీతర్, అంటే చాంబర్‌లోని గ్యాస్‌ను పీసీవీ వాల్వు గుండా ఇన్‌టేక్‌లోకి పంపే దారి, చూడాలి. చాంబర్‌లోకి జారిన గ్యాస్ బయటికి పోయే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ దొరికిన సందులోంచల్లా బయటికి తన్నుతుంది. పరీక్షకు ఖర్చేమీ లేదు. పారదర్శకమైన సన్నటి పైపును యూ ఆకారంలో వంచి, రంగునీళ్లు పోసి, ఒక కొస డిప్‌స్టిక్ గొట్టానికి బిగుతుగా తగిలించాలి. ఐడిల్‌లో నీళ్లు ఇంజిన్ వైపు కాస్త లేవాలి, అంటే లోపల పీల్పు ఉన్నట్టు. ఇక్కడ ఐడిల్‌లో కదల్లేదు. మూడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర అవతలి వైపుకు నాలుగు సెంటీమీటర్లు లేచాయి. లోపల ఒత్తిడి ఉంది.

పీసీవీ వాల్వు ఊపితే గలగలమనలేదు, జిగట పట్టి ఇరుక్కుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి వెళ్లే గొట్టం అడుగున ఆయిల్ మడుగు. వాల్వు, దాని రబ్బరు గ్రోమెట్, పైపు మార్చాం. కంపెనీ వాల్వే వేశాం. మార్కెట్లో దొరికే నకిలీలలో రంధ్రం, స్ప్రింగు లెక్క తప్పి ఉంటాయి, ఎక్కువ పీల్చి ఆయిల్‌ను అవే మానిఫోల్డ్‌లోకి లాగేస్తాయి. నీళ్ల పైపు ఐడిల్‌లో సరైన వైపుకు తిరిగింది. 250 కి.మీ.కి ఆయిల్: 235 మి.లీ. తగ్గింది, కానీ ఇది అసలు రోగం కాదు.

రెండో నిర్ణయం: వాల్వ్ సీల్స్

రింగుల సాక్ష్యం కళ్లముందే ఉండగా సీల్స్ ఎందుకు ముందు? ఒకటి, స్టార్టింగ్ పొగ, ఒక పక్క పెచ్చు కట్టిన ప్లగ్గులు సీల్స్ పోయాయని తేటగా చెబుతున్నాయి, ఎలాగైనా మార్చాల్సిందే. రెండు, హెడ్ దించకుండానే ఒక రోజులో అయిపోతుంది. మూడు, ఓనరు ఓపిక. పది వేల లోపు పనితో పొగ తగ్గితే ఆపేస్తానన్నారు. ఈ మూడో కారణం సాంకేతికం కాదు, కానీ షెడ్డులో సగం నిర్ణయాలు దాన్నిబట్టే ఉంటాయి.

పని చేసిన తీరు: రాకర్ షాఫ్టులు తీసి, సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పెట్టి పిస్టన్‌ను పైకంటా వెళ్లనీయకుండా కాస్త కింద ఆపాలి. ప్లగ్ రంధ్రంలోంచి 6 మి.మీ. నైలాన్ తాడు మీటరు దాకా లోపలికి నెట్టి, కొస బయట ఉంచి, క్రాంకును చేత్తో తిప్పితే తాడు ముద్దగా నొక్కుకుని వాల్వులను కిందినుంచి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగు నొక్కి, దాన్ని వాల్వుకు పట్టి ఉంచే కాటర్లు తీయొచ్చు. గాలి ఒత్తిడితో కూడా ఇదే పని అవుతుంది కానీ కరెంటు పోయి కంప్రెసర్ ఆగితే వాల్వు లోపలికి జారే భయం ఉంది. తాడుకు ఆ భయం లేదు. మొదలుపెట్టే ముందు హెడ్ మీది ఆయిల్ రంధ్రాలన్నిట్లో గుడ్డముక్కలు కుక్కాలి. ఒక్క కాటరు అందులో పడితే చాంబర్ విప్పాల్సిందే.

పాత సీల్స్ రబ్బరులా లేవు, గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా గట్టిగా ఉన్నాయి. రెండు సీల్స్ పెదవి చిట్లి ఉంది. కొత్తవి వైటాన్ రకం. మామూలు నైట్రైల్ రబ్బరు ఈ వేడికి త్వరగా గట్టిపడుతుంది. వాల్వు కాండం మీది కాటర్ గాడి అంచు పదునుగా ఉంటుంది కాబట్టి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ టోపీ పెట్టి, ఆయిల్ రాసి సీల్ దించాలి. కిట్‌తో వచ్చే ఆ టోపీని పారేసి సీల్‌ను నేరుగా కొట్టేయడం వల్లే, కొత్త సీల్స్ వేశాక కూడా పొగ పోలేదనే బళ్లు వస్తుంటాయి. స్ప్రింగులు తీసి ఉన్నప్పుడే వాల్వులను అటూ ఇటూ ఊపి చూశాం. గైడుల్లో లూజు పెద్దగా తగల్లేదు.

పొద్దుటి పొగ పూర్తిగా పోయింది. ఆయిల్ 170 మి.లీ. ఓనరు సంతోషించారు. కానీ వెయ్యికి 680 మి.లీ. అన్నమాట, ఘాట్‌కు వెళ్తే పొగ వస్తూనే ఉంటుంది.

మూడో ప్రయత్నం, పనిచేయనిది

ఇప్పుడు మిగిలింది ఆయిల్ రింగు. విప్పడానికి ముందు పిస్టన్ సోక్ చేద్దామని నిర్ణయించాం. పిస్టన్లు నాలుగూ దాదాపు ఒకే మట్టంలో ఉండేలా క్రాంకు తిప్పి, ఒక్కో సిలిండర్‌లో 70 మి.లీ. మసి కరిగించే ద్రావకం పోసి, 36 గంటలు వదిలాం, మధ్యలో మూడుసార్లు క్రాంకును కొద్దిగా ముందుకీ వెనక్కీ కదిపాం. తర్వాత సిరంజితో మిగిలింది లాగేసి, ప్లగ్గులు లేకుండా, రంధ్రాల మీద గుడ్డ వేసి సెల్ఫ్ కొట్టాం. ద్రవం మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చాంబర్‌లోకి దిగిన ద్రావకం ఆయిల్‌ను పల్చన చేస్తుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చాం.

మొదటి 250 కి.మీ.కి 125 మి.లీ. అని చూసి పనిచేసిందనుకున్నాం. వెంటనే బండి ఇచ్చేసి ఉంటే కేసు అక్కడ తప్పుగా ముగిసేది. మూడు వారాలు ఊళ్లో తిరగనిచ్చి మళ్లీ కొలిస్తే 165. దాదాపు మొదటికొచ్చింది.

ఎందుకు పనిచేయలేదో పిస్టన్లు బయటికొచ్చాక కళ్లారా చూశాం. పైనుంచి పోసిన ద్రావకం ఆయిల్ రింగును చేరాలంటే రెండు రింగుల సందులు దాటాలి. మూడో రింగు వెనక రంధ్రాల్లో ఉన్నది మెత్తటి మసి కాదు, కాలి కాలి గట్టిపడిన వార్నిష్. ఈ మధ్యే బిగుసుకున్న రింగుకు సోక్ పనిచేస్తుంది. ఏళ్ల తరబడి కట్టినదానికి రెండు మూడు వందల రూపాయల డబ్బా, రెండు రోజుల ఆశ, అంతే.

థర్మోస్టాట్

165 ఎందుకైందో అర్థంకాక స్కానర్ తగిలించి హైవే మీదికి వెళ్లాం. ఆక్సిజన్ సెన్సర్ చూద్దామని పెట్టింది, కంటబడింది కూలెంట్ వేడి. 80 కి.మీ. స్పీడులో 64 డిగ్రీలు. ఎండలో, అరగంట నడిచాక కూడా 70 దాటలేదు. ఈ ఇంజిన్ 85 నుంచి 92 మధ్య ఉండాలి. హౌసింగ్ విప్పితే లోపల థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయని వాల్వు, లేదు.

మూడేళ్ల కిందట వేడెక్కినప్పుడు ఎవరో దాన్ని తీసేసి ఖాళీగా బిగించారు. మన దగ్గర ఇది షెడ్ల అలవాటు: వేడెక్కిందంటే ముందు "ఆ వాల్వు తీసేయండి, మన ఎండలకు అక్కర్లేదు". వేడెక్కడం ఆగుతుంది, అందుకే ఎవరూ తప్పు పట్టరు. కానీ చల్లగా నడిచే ఇంజిన్‌కు కంప్యూటర్ ఇంకా వార్మప్‌లోనే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని పెట్రోలు గోడల మీదుగా చాంబర్‌లోకి దిగుతుంది. ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో అది ఆవిరవడానికి వేడి చాలదు. పల్చబడ్డ ఆయిల్, పెట్రోలు మసి, ఏడాదికోసారి మార్పు. ఆయిల్ రింగు మూసుకుపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఓనరు మొదటిరోజు చెప్పిన మాటకు కూడా ఇదే జవాబు. ఊళ్లో ఆయిల్ తాగనట్టు కనిపించింది, ఎందుకంటే పోయిన ఆయిల్ జాగాను పెట్రోలు నింపుతూ డిప్‌స్టిక్‌ను నిలబెట్టింది. హైవే ఎక్కి గంటల తరబడి నడిస్తే ఆయిల్ ఊరి తిరుగుడు కంటే వేడెక్కి, ఆ పెట్రోలు ఆవిరై, అప్పటిదాకా దాగిన తరుగు ఒక్కసారిగా బయటపడేది. డిప్‌స్టిక్ వాసన చూసి ఉంటే పెట్రోలు వాసన మొదటిరోజే తెలిసేది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ పావు దాటకపోవడం కూడా కనపడుతూనే ఉంది.

విప్పడం, బోర్ వద్దనడం

కొత్త థర్మోస్టాట్ వేసి, నీళ్ల బదులు కూలెంట్ నింపి, వేడి 88 దగ్గర నిలిచాకే రింగుల పని మొదలుపెట్టాం. ఫ్యాన్ సరిగా తిరుగుతోందని, వేడెక్కడం లేదని రెండు రోజులు చూశాం. థర్మోస్టాట్ తిరిగి పెట్టగానే పాత వేడి జబ్బు బయటపడే బళ్లు కూడా ఉంటాయి.

ఇంజిన్ దించలేదు. హెడ్ పైకి, చాంబర్ కిందికి తీసి, పిస్టన్లు పైనుంచి లాగాం. లాగే ముందు బోర్ పై అంచున మసి మెట్టును గీకేయాలి, లేకపోతే రింగు తగిలి పిస్టన్ అంచు విరుగుతుంది. రాడ్లకు, క్యాపులకు నంబర్లు వేశాం, ఏ క్యాపు ఆ రాడ్‌కే, అదే దిక్కుకు.

నాలుగు పిస్టన్ల ఆయిల్ రింగులూ గాడిలో కదలకుండా అతుక్కుని ఉన్నాయి. మూడో పిస్టన్‌కు వెనక రంధ్రాలు ఒక్కటీ తెరుచుకుని లేదు. కంప్రెషన్ రింగులు మాత్రం స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. కంప్రెషన్ గేజీ అబద్ధం చెప్పలేదు, మనం అడగని సంగతి చెప్పలేదంతే.

బోర్ చేయాలా వద్దా అన్నది కంటితో తేల్చకూడదు. బోర్ గేజీతో ఒక్కో సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు అడ్డ దిక్కుల్లో, మొత్తం ఆరు కొలతలు తీశాం. అతి ఎక్కువ అరిగింది మూడోది, పైభాగంలో 74.04 మి.మీ., కింద 74.01. తేడా 0.03. హద్దు 0.10. గోడల మీద నిలువు గీతల్లేవు, అయితే అద్దంలా నునుపెక్కాయి. పిస్టన్ గాడిలో పై రింగు పక్క సందు 0.06, హద్దు 0.12. ఈ అంకెలతో బోర్ చేయిస్తే మంచి లోహాన్ని, ఓనరు డబ్బును గీకి పారేసినట్టే. రెండో కొలత కోసం విజయవాడ ఆటోనగర్‌లోని ఒక మెషిన్ షాపుకు హెడ్‌తో పాటు ఒక పిస్టన్‌ను కూడా పంపాం. వాళ్ల మైక్రోమీటర్ మా పిస్టన్ కొలతతో ఒప్పుకుంది. హెడ్ అడుగు వంపు 0.03 మి.మీ. లోపే, గైడుల లూజు కూడా హద్దులోనే.

అదే పిస్టన్లు, స్టాండర్డ్ సైజు కొత్త రింగులు. పిస్టన్లను కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, గాడులను చెక్క పుల్లతో, మొండికేసిన చోట పాత రింగు ముక్కతో అంచు తగలకుండా గీకాం. రంధ్రాలను వాటి కొలతకు సరిపోయే డ్రిల్ బిట్‌ను వేళ్లతో తిప్పి తెరిచాం, మెషిన్‌కు పెట్టి కాదు. కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టే అలవాటు ఇనుప సామానుకు సరే. పిస్టన్ అల్యూమినియం, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. అలా పాడైన పిస్టన్ పైకి తళతళలాడుతూనే ఉంటుంది, గాడి మాత్రం వెడల్పవుతుంది.

గోడల నునుపు పోవడానికి 240 గ్రిట్ హోన్‌తో (గోడను సన్నగా గీసే రాతి పనిముట్టు), అడ్డగీతలు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో పడేలా, సిలిండర్‌కు పదిహేను ఇరవై సెకన్లు. క్రాంకు జర్నళ్లను ముందే గుడ్డతో, ప్లాస్టిక్‌తో కప్పాం. తర్వాత కడగడం. కిరోసిన్‌తో, పెట్రోలుతో కడిగితే గ్రిట్ గీతల్లోనే ఉండిపోతుంది, ఆయిల్ మాత్రమే పోతుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, బ్రష్. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా రావాలి, మాకు నాలుగోసారికి వచ్చింది. ఆరిన వెంటనే ఆయిల్ రాయకపోతే గంటలో తుప్పు.

రింగులు ఒక్కోటీ బోర్ అడుగున పెట్టి, పిస్టన్‌తో నిటారుగా తోసి, ఫీలర్ గేజీతో సందు చూశాం. పై రింగు 0.25, రెండోది 0.30. పైకి ఉండాల్సిన వైపు గుర్తు ఉంటుంది, తిరగేస్తే ఆ రింగే ఆయిల్‌ను పైకి తోడుతుంది. మూడు ముక్కల ఆయిల్ రింగులో మధ్యది, ముడతల స్ప్రింగు, దాని రెండు కొసలూ ఒకదానికొకటి ఆనాలి, ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. ఎక్కితే రింగుకు బిగువు పోయి, కొత్త రింగులు వేసిన రోజు నుంచే ఆయిల్ తాగుతుంది. "రింగులు మార్చినా పోలేదు" అనే బళ్లలో ఇది తరచూ కనపడే తప్పు. సందులన్నీ ఒకే వరసలో పడకుండా తిప్పి పెట్టాం. బిగ్ ఎండ్ షెల్స్, హెడ్ ప్యాకింగ్, టైమింగ్ బెల్ట్, టెన్షనర్ కొత్తవి. హెడ్ బోల్టులు మాన్యువల్ వరసలో, మూడు దఫాలుగా టార్క్ రెంచితో.

తర్వాత

మొదటి వెయ్యి కి.మీ. మామూలు మినరల్ ఆయిలే. కొత్త రింగులు గోడకు ఒరుసుకుని కుదురుకోవాలి, ఆ దశలో సింథటిక్ వేస్తే కుదురుకోవడం ఆలస్యం కావచ్చు. ఐడిల్‌లో గంటలు నడపకూడదు. అది పాతకాలపు పద్ధతి, గోడలు మళ్లీ నునుపెక్కుతాయి. స్టార్ట్ చేసి, లీకులు చూసి, రోడ్డెక్కి, మూడో గేరులో 30 నుంచి 60 దాకా గట్టిగా లాగడం, వదిలేయడం, అలా పాతికసార్లు. వెయ్యికి ఆయిల్, ఫిల్టర్ మార్పు.

మొదటి 150 కి.మీ. పొగ వచ్చింది. సైలెన్సర్‌లో ఏళ్లుగా నిలిచిన ఆయిల్ కాలాలి కదా. ఈ సంగతి ముందే చెప్పి పంపినా ఓనరు రెండుసార్లు ఫోన్ చేశారు, తప్పులేదు.

మొదటి వెయ్యి కి.మీ.కి 210 మి.లీ., తర్వాతి రెండు వేలకు వెయ్యికి 90 చొప్పున, పదివేల దగ్గర 70. ఆయిల్ పోసి తీసిన కంప్రెషన్‌కూ పోయకుండా తీసిన దానికీ మధ్య తేడా నాలుగు పీఎస్ఐకి దిగింది. మైలేజీ లీటరుకు దాదాపు రెండు కి.మీ. పెరిగింది, అందులో రింగుల వాటా కంటే థర్మోస్టాట్ వాటాయే ఎక్కువ. ఖర్చు మొత్తం, టెస్టుల పెట్రోలు కలిపి, ఆ 55 వేల అంచనాలో సగం దాటింది. సోక్, దాని తర్వాతి ఆయిల్ మార్పు, రెండు టెస్టు డ్రైవులు తీసేస్తే ఇంకా తగ్గేది.

ఇలాంటి బండి మళ్లీ వస్తే చేసే వరస మారింది. లీకు చూశాక, ఆయిల్ కొలత కంటే ముందే డిప్‌స్టిక్ వాసన, స్కానర్‌లో కూలెంట్ వేడి, పీసీవీ. ఇవన్నీ కలిపి గంట పని. పిస్టన్ అంచు కడిగినట్టు రెండు సిలిండర్లలో కనపడితే సోక్ జోలికి వెళ్లకుండా, సీల్స్, రింగులు రెండూ ఒకే లేబరులో చేయమని ఓనరుకు చెప్పేస్తాం. హెడ్ ఎలాగూ దిగుతుంది, అప్పుడు సీల్స్‌కు తాడు అవసరం కూడా ఉండదు. అంచు కడగకుండా పొద్దుటి పొగ మాత్రమే ఉంటే సీల్స్‌తో ఆపేయొచ్చు.

మిగిలింది క్యాటలిటిక్ కన్వర్టర్. ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ ఏళ్ల తరబడి దాని మీద పేరుకుని ఉంటాయి. ఆక్సిజన్ సెన్సర్ కొన మీది తెల్లటి పొర కూడా అదే చెప్పింది. సెన్సర్ మార్చాం. కన్వర్టర్‌లో దారి మూసుకుపోలేదని ఎగ్జాస్ట్ ఒత్తిడి చూసి వదిలేశాం. వచ్చే పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తే ముందు చూడాల్సింది దాన్నే అని జాబ్ కార్డు వెనక రాసి ఇచ్చాం.